పొట్టసంచి వాళ్ల బండ

ఆ చలికాలం బోంగ్నేకి ఒక వస్తువు మీద ఉన్నంత కోపం ఏ మనిషి మీదా లేదు. అది నడుముకు కట్టుకునే సంచి. చూడబోతే జానెడు గుడ్డ, ఒక జిప్పు, ఒక పట్టీ. ఇంతోటి దానికి మనిషి మనశ్శాంతి పోగొట్టుకోవాలా అంటే, అవతల ఉన్నది బోంగ్నే మరి. ఎండుచేప కొనాలన్నా మూడు కొట్లు తిరిగి, మూడు చోట్లా పేచీ పెట్టుకుని, చివరికి మొదటి కొట్లోనే కొనే రకం.

సియోల్ నగరానికి ఉత్తరపు కొసన, తోబోంగ్ కొండకి కాస్త ఇవతల ఉన్న సంతలో ఆమెకి కూరల కొట్టుంది. పచ్చి కూరగాయలు కాదు. వండి, ఊరేసి, అన్నంలోకి నంజుకోవడానికి సిద్ధంగా పెట్టినవి. క్యాబేజీ కిమ్చీ, నువ్వులనూనెలో కలిపిన పాలకూర, సోయాలో ఊరిన ఆకులు, ముల్లంగి. పెళ్లయి దక్షిణాది నుంచి వచ్చిన ఏడాదే అత్తగారి పక్కన నిలబడి ఉప్పునీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టింది. అత్తగారు పోయారు, మొగుడు పోయాడు, కూతురు మీరాన్ పెళ్లి చేసుకుని వేరే పేటకి వెళ్లిపోయింది. చెయ్యి మాత్రం తొట్టిలోనే ఉండిపోయింది.

నెలలో రెండో ఆదివారం సంతకి సెలవు. ఆ రోజు సంత ఆడవాళ్లూ, చుట్టుపక్కల వీధుల్లో ఉద్యోగాలు దిగిపోయిన మగవాళ్లూ కలిసి కొండెక్కుతారు. సంఘానికి పేరుంది, జెండా ఉంది, అధ్యక్షుడున్నాడు. కానీ అసలు పెత్తనమంతా బోంగ్నే వీపు సంచిదే. పైన బల్లపరుపు రాతి మీద చాపలు పరిచాక ఎవరి డబ్బాలు వాళ్లు విప్పుతారు, అందరివీ అందరూ తింటారు. కొండమీద ఎవరి తిండి వాళ్లు తినడమంటే మా వైపు పెళ్లికి వెళ్లి పక్కింట్లో భోంచేసి వచ్చినట్టు. అందులోనూ బోంగ్నే మూట విప్పేదాకా ఎవరూ చాప్‌స్టిక్స్ ముట్టుకోరు. ఉడికించిన పంది మాంసం, మూడు రకాల కిమ్చీ, వేడి చల్లారని అన్నం, చివర్లో బియ్యపు కల్లు సీసాలు. ఆ బరువు కింద ఆమె ఒగరుస్తూ ఎక్కేది, దారంతా తిట్టుకుంటూ ఎక్కేది. "తినమరిగిన కోళ్లు" అనేది. ఎవరైనా సాయం పడతానంటే మాత్రం మీద పడి కరిచేది.

ఆకురాలు కాలంలో, సరిగ్గా ఊరంతా ఏడాదికి సరిపడా కిమ్చీ పెట్టుకునే రోజుల ముందు, ఆమె కుడి భుజం పైకి లేవనంది. ఇన్నేళ్లు తొట్లు ఎత్తిన పాపానికి లోపల నరం తెగిందన్నాడు డాక్టరు. కోసి కుట్టారు. చెయ్యి మెడకి వేలాడదీసుకుని, తన కొట్లో తనే చుట్టంలా కూర్చుని, సగం చలికాలం వెళ్లదీసింది. పట్టీ విప్పిన రోజు ఆమె మొదట అడిగిన మాట కొండ గురించే.

"ఎక్కండమ్మా, కాళ్లకేం? భుజానికి మాత్రం సంచి తగిలించకూడదు. ఈసారి తెగితే కుట్టడానికి అక్కడేం మిగల్లేదు."

"ఎన్నాళ్లండీ?"

"ఎన్నాళ్లేమిటి? ఇంక అంతే."

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మీరాన్ ఇట్టే తేల్చేసింది. "దానికింత దిగులెందుకమ్మా? నడుం సంచి కట్టుకో. ఇప్పుడందరూ అవే కడుతున్నారు. చిన్న నడకలకి వీపు సంచి దండగ కూడానూ."

కూతురన్నది సబబే. అందుకే బోంగ్నేకి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

ఎందుకంటే సంఘంలో నడుం సంచి కట్టే మనిషి ఇదివరకే ఒకాయన ఉన్నాడు. తాక్ మాస్టారు. లెక్కలు చెప్పి చెప్పి ఉద్యోగం దిగిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. నడుముకి నల్లసంచి, అందులో నీళ్ల సీసా, తువ్వాలు. అంతే. డబ్బా లేదు, మూట లేదు. అందరూ తిండి విప్పే వేళకి కాస్త ఎడంగా ఒక చిన్న బండ మీద కూర్చుని ఎదురు కొండకేసి చూస్తుంటాడు. "మాస్టారూ, రండి" అని ఎవరో ఒకరు పిలుస్తారు. ఆయన వస్తాడు, పద్ధతిగా తింటాడు, పద్ధతిగా దణ్ణం పెడతాడు. ఒకనాడు ఎండెక్కువై చిరాకులో ఉన్న బోంగ్నే అందరి ముందూ అనేసింది.

"అదుగో పొట్టసంచి పెద్దమనిషి! వచ్చేటప్పుడు సంచీ ఖాళీ, పొట్టా ఖాళీ. తెచ్చింది నోరొక్కటే!"

జనం పడీ పడీ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. ఆ రోజు నుంచీ సంఘంలో ఏమీ తేకుండా వచ్చినవాళ్లని పొట్టసంచి అనడం అలవాటైపోయింది. ఆయన కూర్చునే బండకి కూడా ఆ పేరే స్థిరపడింది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని పాత పేరే అనుకుంటారు.

ఇప్పుడు అదే పొట్టసంచి తన నడుముకి కట్టుకోమంటున్నారు. ఇంకెవరైనా పెట్టిన పేరైతే వాళ్ల ఏడు తరాలూ కడిగిపోసేది. పెట్టింది తనే అయ్యె, ఎవర్ని తిట్టాలి? అందుకని ఆమె ఒక పట్టుదలకి వచ్చింది. నడుముకి కట్టినా సరే, పదిమందికి పెట్టేంత పట్టే సంచి కావాలి. పెట్టే చేత్తోనే కొండెక్కాలి. అది కుదరకపోతే కొండే వద్దు.

తోబోంగ్ కొండ మొదట్లో స్టేషన్ దగ్గర్నుంచి దారికి రెండు వైపులా కొండ సామాన్ల కొట్లే. ఎండుచేపలమ్మే చున్‌హ్వాని తోడు తీసుకుని బోంగ్నే వాటి మీద దండెత్తింది. చున్‌హ్వా పక్క కొట్టు మనిషి, తనకన్నా చిన్నది, నోట్లో నువ్వుగింజ నానదు.

మొదటి కొట్టువాడు నీలం సంచొకటి తీసి ముందు పెట్టాడు. "చూడండి పిన్నీ, రెండు పక్కలా సీసా జేబులు. నీళ్లు అటూ ఇటూ సమంగా ఉంటాయి, ఒకవైపు లాగదు. వాన పడ్డా లోపల తడవదు."

బోంగ్నే చేతిసంచిలోంచి స్టీలు డబ్బాలు ఒకటొకటే తీసి గల్లా మీద పేర్చింది. "ఇవి పడతాయా?"

"ఏమిటివి?"

"మాంసం, కిమ్చీ, అన్నం."

"ఎంతమందికి పిన్నీ?"

"అందరికీ."

వాడు డబ్బాలకేసి చూశాడు, సంచికేసి చూశాడు. "ఇది కొండెక్కడానికి పిన్నీ, ఇల్లు మారడానికి కాదు."

చున్‌హ్వా పక్కకి తిరిగి నవ్వుకుంది.

"నవ్వు, నవ్వు. నీకు రెండు భుజాలూ ఉన్నాయిగా" అంది బోంగ్నే.

రెండో కొట్లో పెద్ద సంచులున్నాయి. పెద్దదాన్ని వెనక్కి కట్టుకుంటే బరువుకి జారి పిరుదుల మీద కూర్చుంది. పైగా అందులోంచి ఏదైనా తీయాలంటే కుడిచెయ్యి వెనక్కి తిరగదు. ముందుకి కట్టుకుంటే మోకాలెత్తినప్పుడల్లా డబ్బా అంచు తొడకి కొట్టుకుంది. కొక్కెం తీయాలంటే రెండు చేతులా నొక్కాలి, అందులో ఒక చెయ్యి సమ్మెలో ఉంది. బిగిస్తే ఊపిరాడదు, వదిలితే జారిపోతుంది.

"అక్కా, నెలలు నిండినట్టున్నావే" అంది చున్‌హ్వా.

"ఈ వయసులో నా కడుపున పుడితే నీలాంటి దయ్యమే పుడుతుంది."

"పోనీ ఎందుకీ తంటా? నీ డబ్బాలు నా సంచిలో పడేయ్. నేను మోస్తా, నువ్వు వడ్డించు."

"నువ్వు మోస్తే అది నా పెట్టుడెలా అవుతుందే?"

"తినే కడుపుకి తెలుస్తుందా ఎవరు మోశారో?"

"నాకు తెలుస్తుంది" అని బోంగ్నే సంచి విప్పి బల్ల మీద విసిరింది.

ఆ కొట్టువాడు కాస్త ముసలివాడు, ఓపిక గలవాడు. ఆ ఓపిక కూడా అయిపోయింది. "అమ్మా, మీక్కావలసింది సంచి కాదు. మోసే మనిషి" అన్నాడు.

"మనిషి దొరికితే నీ కొట్టు మొహం ఎందుకు చూస్తాను?"

అంతలా తిట్టి, చివరికి ఆ విసిరిన పెద్ద సంచే కొంది.

దాన్ని పరీక్షించడానికి ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా బయల్దేరింది. పట్టినంత పట్టించింది. మాంసం పట్టలేదు, అన్నం పట్టలేదు, కిమ్చీ డబ్బా మాత్రం దూరింది. పోనీలే, కిమ్చీ ఉంటే సగం భోజనం ఉన్నట్టేనని సర్దిచెప్పుకుంది. సంచి పొట్టకి కట్టి, పైన దూది కోటు వేసి మెట్రో ఎక్కింది. చలికాలం కదా, సీట్ల కింద వేడి పెట్టారు. కింద సీటు వేడి, లోపల ఒంటి వేడి, పైన కోటు. ఆమె ఆ వెచ్చదనానికి కునుకు తీసింది. కిమ్చీ మాత్రం కునుకు తీయలేదు. జీవితమంతా కిమ్చీతో గడిపిన మనిషి, దాన్ని వెచ్చగా పొట్టకి కట్టుకుంటే ఏమవుతుందో మరిచిపోయింది. ఇంతా చేసి, సంతలో కొనేవాళ్లకి రోజూ చెప్పే మాటే: చల్లగా ఉంచు, లేకపోతే పొంగుతుంది.

టప్‌మని మూత లేచింది. కోటు కిందనుంచి ఎర్రటి రసం లేత బూడిదరంగు ప్యాంటు మీదుగా మోకాళ్లదాకా కారింది. ఎదుట కూర్చున్న కుర్రాడు గాభరాగా లేచి నిలబడ్డాడు. "పిన్నీ! రక్తం! అయ్యో, ఎవరైనా ఫోన్ చేయండి!"

"రక్తం కాదు నాయనా, కూర్చో" అంది బోంగ్నే. అప్పటికి వాసన రైలు పెట్టెంతా పాకిపోయింది, ఇంక ఆమె చెప్పనక్కర్లేకపోయింది. ఒకావిడ జేబురుమాలు ఇచ్చింది. ఇంకొకాయన ముక్కు పట్టుకుని కూడా, "బాగా పులిసిందే" అన్నాడు మెచ్చుకోలుగా. తరువాతి స్టేషన్లో దిగి, ప్యాంటు మీద కోటు చుట్టుకుని, వెనక్కి రైలెక్కింది.

సంచిని వెనిగర్‌తో ఉతికింది, ఉప్పుతో రుద్దింది. వాసన పోలేదు. దాన్ని తొట్లోనే వదిలేసి వంటింటి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. భుజం కోసినప్పుడు కూడా ఇలా ఏడవలేదు. పెట్టడం తప్ప ఇంకో విద్య తనకి రాదని ఆమెకి బాగా తెలుసు. తీపి మాటలు రావు, పాటలు రావు, జోకులేస్తే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. తను నోరు పారేసుకున్నా జనం తన చుట్టూ చేరేది ఆ మూట వల్లనే. ఆ మూట లేకుండా కొండమీద బోంగ్నే అంటే ఎవరు? ఒక నోరు, అంతే.

మీరాన్ ఆన్‌లైన్లో ఇంకొన్ని తెప్పించింది. ఒకటి గొంగళిపురుగు పచ్చరంగు. ఒకటి మరీ సన్నం, పరుగెత్తేవాళ్లదట. ఇంకోటి బాగానే ఉంది గానీ నడిస్తే సీసా అటూ ఇటూ ఊగి వెనకనుంచి ఎవరో తడుతున్నట్టుంది. అన్నీ తిరిగి వెళ్లిపోయాయి.

"అమ్మా, అందరూ తెస్తారుగా. ఒక్కసారి నువ్వు ఊరికే వెళ్లరాదూ?"

"ఊరికే వెళ్లేవాళ్లని అక్కడ ఏమంటారో నీకు తెలీదు. నన్నడుగు."

మార్చి రెండో ఆదివారం దగ్గరపడింది. చలి విరిగాక మొదటి నడక. ముందురోజు బోంగ్నే మళ్లీ కొండ మొదటికి వెళ్లి, ఆ ముసలి కొట్టువాడి దగ్గర అన్నిటికన్నా చిన్న సంచి చూపించి, "అదియ్యి" అంది.

"ఇందులో ఏం పట్టదమ్మా" అన్నాడు వాడు, ఈసారి తనే భయపడుతూ.

"తెలుసు. పెద్దదాన్లోనూ పట్టలేదు. పెద్దది కట్టుకుని పెట్టలేకపోతే అది ఇంకా సిగ్గు."

దానికున్న ఒకే ఒక్క మంచి గుణం కొక్కెం. ఎడంచేత్తో ఒక్కసారి నొక్కితే పడుతుంది, ఒక్కసారి నొక్కితే ఊడుతుంది. ఇన్ని సంచుల్లో ఆమె తిట్టకుండా వదిలిన భాగం అదొక్కటే. అందులో చిన్న నీళ్ల సీసా, మాత్రలు, ఫోను, ఒక దోసకాయ పెట్టుకుంది. దోసకాయ ఎవరికీ పెట్టడానికి కాదు, దాహానికి.

పొద్దున లేచాక వెళ్లకూడదనుకుంది. చున్‌హ్వా తలుపు బాదింది. "అక్కా, నువ్వు రాకపోతే నా కిమ్చీ అందరూ తిని బాగుందంటారు. అది భరించగలవా?" అంది. భరించలేనిదే. బోంగ్నే జోడు తొడుక్కుంది.

దారిలో ఒంటికి బరువు లేక అడుగులు తూలాయి. ఇన్నేళ్లూ ఒగరుస్తూ ఎక్కిన మెట్ల మీద ఊపిరి మామూలుగా ఆడుతుంటే ఏదో ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టనిపించి, పదేపదే వీపు తడుముకుంది. తేలిగ్గా ఉందన్న మాట ఎవరితోనూ అనలేదు. అందరికన్నా వెనక నడిచింది. ముందు అధ్యక్షుడు వెనక్కి తిరిగి ఆమె నడుంకేసి చూసి, చప్పున తల తిప్పేసుకోవడం ఆమె కంటపడింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. అనకపోవడమే గోరుచుట్టు మీద రోకటిపోటైంది.

పైన చాపలు పరిచారు. డబ్బాల మూతలు లేచాయి. అన్నం ఉండలు, గుడ్డు అట్లు, వేయించిన టోఫు, మాంసం ముక్కలు, పచ్చాకులు, చున్‌హ్వా పెట్టిన కిమ్చీ. ఎప్పట్లాగే ఎవరూ చాప్‌స్టిక్స్ ముట్టుకోకుండా బోంగ్నేకేసి చూశారు. అలవాటు, అంతే. చూశాక గుర్తొచ్చి కళ్లు దించుకున్నారు.

"నాకాకలిగా లేదు, మీరు కానివ్వండి" అని ఆమె ఎటో నడిచింది. ఎటు వెళ్లిందో చూసుకునేసరికి పొట్టసంచి బండ ముందుంది. తాక్ మాస్టారు దాని మీద కూర్చుని ఎప్పట్లాగే ఎదురు కొండ చూస్తున్నాడు. ఆయన ఆమె నడుముకేసి చూశాడు, తన నడుముకేసి చూసుకున్నాడు. కాస్త పక్కకి జరిగాడు.

ఆ జరగడం ఆమెకి తిట్టుకన్నా గట్టిగా తగిలింది. అయినా కాళ్లు నొప్పెట్టి కూర్చుంది.

"అనండి మాస్టారూ. కడుపులో పెట్టుకోకండి. అనేయండి."

"ఏమనాలి?"

"పొట్టసంచి అని."

"ఇద్దరమూ అదేగా. ఒకళ్లనొకళ్లం అనుకుంటే ఏం లాభం?"

ఆమె దోసకాయ తీసి విరిచింది. సగం ఆయనకిచ్చింది, అలవాటు కొద్దీ. ఇద్దరూ నమిలారు.

"మూడేళ్లు ఒక్క డబ్బా కూడా తేలేదేమండీ మీరు?" అంది ఉక్రోషంగా. "ఉన్నవాళ్లేగా. నన్నీ మాట ఎప్పట్నుంచో తినేస్తోంది."

"మొదటిసారి తెచ్చాను" అన్నాడు మాస్టారు. "మా ఆవిడ పోయిన ఏడు. సోయాలో గుడ్లు ఉడికించాను, ఆవిడ చేసేదని. నల్లగా మాడాయి. ఇక్కడికొచ్చి మీ డబ్బాలు వరసగా విప్పడం చూశాను. వాటి పక్కన నావి విప్పడానికి చెయ్యి రాలేదు. దిగేటప్పుడు గుడి దగ్గర కుక్కకి పెట్టాను."

"నా డబ్బాలు చూసా?"

"మరి? అంత పెట్టేవాళ్ల ముందు ఏం తెచ్చినా చిన్నదే కదండీ. తరువాత నెల నోరొక్కటే తెచ్చుకున్నాను. అది మాడదు."

బోంగ్నేకి దోసకాయ గొంతుకి అడ్డం పడింది. ఇన్నేళ్లూ తను మోసింది అందరి ఆకలి తీర్చడానికే అనుకుంది. అది ఒకడి మూటని విప్పనివ్వలేదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు, అది వేరే సంగతి. సిగ్గేసింది. సిగ్గు వెంటే మళ్లీ కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

"కుక్కకి పెట్టారా! నాకు చూపిస్తే ఎందుకు మాడాయో చెప్పేదాన్ని కదా!"

"మీరు చెప్పే తీరు చూశాకే కుక్కకి పెట్టాను."

ఆమె మిగిలిన దోసకాయ ముక్క కటుక్కున కొరికింది.

చాపల మీదనుంచి చున్‌హ్వా కేక వేసింది. "అక్కా! రావేం? అన్నం చల్లారిపోతోంది!"

బోంగ్నే కదల్లేదు. పిలిచేది ఎప్పుడూ తనే. పిలిస్తే ఎలా లేవాలో ఆమెకి తెలియదు.

"మొదటి పిలుపుకే లేవండి" అన్నాడు మాస్టారు మెల్లగా. "రెండో పిలుపు దాకా ఆగితే కాళ్లు బిగుసుకుంటాయి. మూడోదానికి లేస్తే దేబిరిస్తున్నట్టుంటుంది. నాకు బాగా తెలుసు."

"మీరెందుకు లేవరైతే?"

"ఇది మిమ్మల్ని పిలిచిన పిలుపు."

ఆమె లేచింది. చాప అంచున, ఎప్పుడూ కొత్తవాళ్లు కూర్చునే చోట, ముడుచుకుని కూర్చుంది. ఎదుట చాప్‌స్టిక్స్ పెట్టారు. కుడిచెయ్యి పళ్లేలదాకా చాచబోతే భుజం దగ్గర ఆగిపోయింది. చున్‌హ్వా అది చూసింది. పచ్చాకు అరచేతిలో పరిచి, అన్నం పెట్టి, మాంసం ముక్క పెట్టి, పైన తన కిమ్చీ దట్టంగా పెట్టి, పొట్లంగా మడిచి ఆమె నోటి ముందుకు తెచ్చింది.

"నోరు తెరు, అక్కా."

"నా చేతికియ్యి. ఎడంచెయ్యి బాగానే ఉంది."

"తెరు అంటుంటే. నా చెయ్యి నొప్పెడుతోంది."

సంఘం మొత్తం చూస్తోంది. ఎన్ని నోళ్లలో తను ఇలాగే కుక్కిందో, వద్దు వద్దన్నవాళ్లని ఎలా తిట్టిందో బోంగ్నేకి గుర్తుంది. నోరు తెరిచింది. పొట్లం పెద్దది, బుగ్గలు రెండూ నిండాయి. కళ్లలో నీళ్లు తిరిగితే కారం వల్లేనన్నట్టు మొహం చిట్లించింది. నమిలింది, మింగింది.

"ఉప్పెక్కువైంది" అంది.

"చచ్చాం! వచ్చేసింది మన అక్క!" అంది చున్‌హ్వా. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి చాప్‌స్టిక్స్ అందుకున్నారు.

బోంగ్నే నవ్వలేదు. వెనక్కి తిరిగి బండకేసి చూసింది. "మాస్టారూ! ఇది మీ పిలుపే, మొదటిదే. లేవండి. వచ్చే నెల ఆ గుడ్లు తెండి, మాడినా సరే. కుక్కకి పెట్టారని తెలిసిందో, ఊరుకోను."

ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, వచ్చి ఆమె పక్కన చాప అంచున కూర్చున్నాడు. చున్‌హ్వా ఇంకో ఆకు అరచేతిలో పరిచింది. "ఈసారి కిమ్చీ తక్కువ పెట్టవే" అని చెప్పి, బోంగ్నే నోరు తెరిచింది.